పెళ్లి గురించి మమ్మల్నీ అడగండి: ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి విజయవాడ నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి, న్యాయశాఖ మంత్రి గారికి, ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి,
సచివాలయం, వెలగపూడి, అమరావతి.

ఆర్యా,

స్వలింగ వివాహాలకు చట్టబద్ధత కోరుతూ వేసిన కేసు విచారణ ముగింపుకు వస్తున్న సమయంలో, 2023 మే 10న, కేంద్రం తరఫున వాదించే సొలిసిటర్ జనరల్ సుప్రీంకోర్టు ధర్మాసనానికి ఒక సమాచారం అందించారు. ఈ విషయంపై అభిప్రాయం చెప్పమని కేంద్రం రాష్ట్రాలకు లేఖలు రాస్తే ఏడు రాష్ట్రాల నుంచి జవాబులు వచ్చాయని, వాటిలో రాజస్థాన్, అస్సాం, ఆంధ్రప్రదేశ్ వ్యతిరేకత తెలిపాయని ఆయన చెప్పారు. వివిధ మతాల పెద్దలను సంప్రదించామని, వారి అభిప్రాయాలను బట్టి వ్యతిరేకిస్తున్నామని మన రాష్ట్రం తన జవాబులో పేర్కొంది. ఆ తర్వాత ఎన్నికలు జరిగాయి, ప్రభుత్వం మారింది. అప్పుడు ఇచ్చిన జవాబు మాత్రం మన రాష్ట్రం మాటగానే రికార్డులో ఉంది.

మత పెద్దలను అడగడంలో తప్పు లేదు. పెళ్లికి మతంతో ఉన్న బంధం ఈనాటిది కాదు. అయితే కోర్టు ముందుకు వెళ్లిన ప్రశ్న ప్రధానంగా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం గురించినది. పురోహితుడు, పాస్టరు, ఖాజీ ఎవరితోనూ పని లేకుండా, వివాహ అధికారి ఎదుట ముగ్గురు సాక్షుల సంతకాలతో జరిగే పెళ్లి అది. అటువంటి పెళ్లి గురించి మత పెద్దలను అడిగినప్పుడు, ఆ పెళ్లి కావాలనుకునేవారినీ వద్దనుకునేవారినీ కూడా అడగవలసింది.

నేను విజయవాడలో పుట్టి పెరిగిన గే పురుషుణ్ణి. గుంటూరుకు చెందిన ఒక వ్యక్తితో చాలా ఏళ్లుగా కాపురం చేస్తున్నాను. మమ్మల్ని అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్లమో తెలియజేయడానికే ఈ లేఖ రాస్తున్నాను. మా అందరి నుంచీ ఒకే మాట వచ్చేది కాదని ముందే చెప్పాలి. మాలో కొందరు పెళ్లి హక్కు వెంటనే కావాలంటారు, కొందరు అసలు వద్దంటారు, కొందరు కావాలి గానీ ఇప్పుడు కాదంటారు, మరికొందరికి ఆ ప్రశ్న వింటేనే భయం. ఈ భేదాలను కప్పిపెట్టి అందరి తరఫునా ఒక్క గొంతుతో అర్జీ పెట్టడం నాకు ఇష్టం లేదు. ఇది నగరాల్లోని ఉన్నత వర్గాల కోరిక మాత్రమేనని 2023లో కేంద్రం కోర్టులో వాదించింది. వాళ్లలో వాళ్లకే ఏకాభిప్రాయం లేదు గదా, మనమెందుకు తొందరపడాలి అని రేపు మరొకరు అనవచ్చు. మా అభిప్రాయాలను ఉన్నవి ఉన్నట్టుగా మీ ముందు పెడితే, ఆ రెండు మాటల్లో ఎంత నిజముందో మీరే తేల్చుకోగలరు.

కావాలనేవారి మాట ముందుగా చెబుతాను, ఎందుకంటే నేనూ వారిలో ఒకణ్ణి. మేము అడుగుతున్నది ఊరేగింపులూ విందులూ కాదు. మాలో ఒకరు వీలునామా రాయకుండా చనిపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆస్తి తల్లికి, ఆమె లేకపోతే తండ్రికి, ఆయనా లేకపోతే తోబుట్టువులకు వెళ్తుంది. ఇద్దరి జీతాలతో వాయిదాలు కట్టిన ఇంట్లో మిగిలిన మనిషికి చట్టం దృష్టిలో ఏ స్థానమూ లేదు. వీలునామా రాసుకోవచ్చు గదా అని అంటారు. మేమూ రాసుకున్నాం. కానీ ప్రావిడెంట్ ఫండు దగ్గర ఆ కాగితం పని చేయదు. ఆ పథకం నిబంధనల ప్రకారం ఉద్యోగికి కుటుంబం ఉంటే నామినీ ఆ కుటుంబంలోని వ్యక్తే కావాలి, కుటుంబమంటే భార్యాభర్తలు, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రులు వంటి కొందరే. గ్రాట్యుటీ నిబంధనలూ నామినీ విషయంలో ఇదే దారి పట్టాయి. దత్తత నిబంధనలు దంపతులకు రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలంటాయి. 2021 నాటి సరోగసీ చట్టంలోనూ మాలాంటి జంటకు చోటు లేదు.

ఆసుపత్రుల విషయం నా అనుభవంలోదే. నా సహచరుడికి రోడ్డు ప్రమాదం జరిగి కాలికి శస్త్రచికిత్స అవసరమైనప్పుడు, నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి సిబ్బంది మీరు పేషెంటుకు ఏమవుతారని నన్ను అడిగారు. మా వీధిలో చెప్పే మాటే అక్కడా చెప్పి, బావమరిదినన్నాను. అది సరిపోదని, రక్త సంబంధీకులే రావాలని, గుంటూరు నుంచి వాళ్ల అన్నయ్య వచ్చి సంతకం పెట్టేదాకా ఆపారు. ఆయన స్పృహలోనే ఉన్నారు. తన శస్త్రచికిత్సకు తానే సమ్మతి తెలిపే హక్కు ఆయనకుంది. అయినా అక్కడ ఎవరూ ఆయనను అడగలేదు. ఆ పూట నేను వరండాలో నిలబడి ఉండగా, వాళ్ల అన్నయ్య మంచివారు కాబట్టి సరిపోయిందిగానీ, మాతో మాటలు మానేసిన కుటుంబమైతే ఏమయ్యేదని ఆలోచించాను. మాలో చాలామందికి ఆ దయ కూడా ఉండదు. అందుకే ఒక దరఖాస్తు, ఒక రిజిస్టరు, ఒక సర్టిఫికెట్ ద్వారా ఇవన్నీ ఒకేసారి తేలిపోయే దారి కావాలని మేము అడుగుతున్నాం. చట్టంలో ఆ దారికి ఇప్పుడున్న పేరు పెళ్లి.

ఇక మా వాదనను ఒప్పుకోనివారి మాట చెప్పాలి. ఇందులో నాకు అన్నిటికంటే బరువుగా కనిపించేది బలవంతపు పెళ్లిలో చిక్కుకున్నవారి మాట. తెనాలి వైపు నాకంటే పెద్దవారైన ఒక మిత్రుడున్నారు. తనకు ఆడవారిపై ఆసక్తి లేదని ఆయన యవ్వనంలో ఇంట్లో చెప్పుకున్నప్పుడు వాళ్లు కొట్టలేదు, తిట్టలేదు. సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. పెళ్లయితేగానీ పిచ్చి కుదరదన్న సామెతను మనం సరదాకు వాడుకుంటాం గానీ, మాలాంటివారి విషయంలో ఎన్నో ఇళ్లలో దాన్ని వైద్యంగానే అమలు చేస్తారు. పెళ్లి జరిగింది, పిల్లలు పుట్టారు, వాళ్లూ పెద్దవాళ్లయ్యారు. ఏ తప్పూ చేయని ఆయన భార్య, తనను ఆ విధంగా ప్రేమించలేని మనిషితో జీవితమంతా గడిపారు. ఆ విషయం ఆమెకు తెలుసో లేదో ఆయనకు ఇప్పటికీ తెలియదు. “ముందు పెళ్లి చేసుకోకుండా బతికే హక్కు ఇప్పించండి, ఆ తర్వాత చేసుకునే హక్కు గురించి మాట్లాడుకుందాం” అని ఆయన నాతో అంటారు. స్వలింగ వివాహాల గురించి టీవీలో చర్చ వచ్చినప్పుడల్లా, ఇంట్లో అందరి కళ్లూ తనవైపు తిరుగుతాయేమోనన్న భయంతో ఆయన లేచి వెళ్లిపోతారు.

చట్టం వస్తే ఈ బలవంతం తగ్గుతుందని నేను ఆయనతో వాదిస్తూ ఉంటాను. ఇద్దరు మగవారు గౌరవంగా కాపురం చేయగలరని కళ్లతో చూసిన తల్లిదండ్రులు, కొడుకును మరో ఇంటి ఆడపిల్లకు కట్టబెట్టే ముందు ఒకసారి ఆగుతారని నా నమ్మకం. దేశంలో అనేకమంది తల్లిదండ్రులు స్వీకార్ అనే తమ సంఘం ద్వారా 2023 ఏప్రిల్‌లో ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాసి, తమ పిల్లల పెళ్లిళ్లను చట్టం గుర్తించాలని కోరారు. అటువంటి తల్లిదండ్రులు మన జిల్లాల్లోనూ ఉంటారు. ధైర్యంగా బయటికి వచ్చి చెప్పడానికి వాళ్లకు ఒక ఆధారం కావాలి. అయినా మిత్రుడి మాటకు ఇది పూర్తి సమాధానం కాదు. పెళ్లి కాని మనిషిని సగం మనిషిగా చూసే అలవాటు ఉన్నంతకాలం, చట్టం ఆ ఒత్తిడికి మరో రూపం ఇవ్వవచ్చు కూడా.

ఆ రూపం ఎలా ఉండవచ్చో కులం గురించి మాట్లాడే మిత్రులు చెబుతారు. 2015లో ముంబైలో ఒక తల్లి తన కొడుకుకు వరుడు కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చినప్పుడు చాలామంది ఆమెను మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. కులం పట్టింపు లేదంటూనే తమవారైతే మేలన్న మాట కూడా అందులో ఉంది. దళిత కుటుంబంలో పుట్టిన ఒక గే మిత్రుడు ఆ విషయం ఎత్తి, మీ పెళ్లి చట్టబద్ధమైతే మీ పెద్దలు మీకు కులంలోనే వరుణ్ణి వెతుకుతారు, నన్ను మాత్రం అప్పుడూ గుమ్మం దగ్గరే నిలబెడతారు అన్నాడు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్‌పై సుప్రీంకోర్టు తీర్పు 2018 సెప్టెంబరు 6న వచ్చింది. సరిగ్గా ఎనిమిది రోజులకు మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్లెదుటే నరికి చంపారు. వాళ్ల పెళ్లికి చట్టం అడ్డు చెప్పలేదు. అతని ప్రాణాన్ని కాపాడటానికి ఆ చట్టం చాలలేదు. ఈ మిత్రుడు పెళ్లి హక్కును కాదనడం లేదు. ఆ హక్కు దొరికితే పోరాటం ముగిసిందని పై కులాలవారం ఇంటికి వెళ్లిపోతామని భయపడుతున్నాడు. మా సమావేశాల్లో ఎవరు మాట్లాడతారో, ఎవరు వెనక కూర్చుంటారో చూస్తున్నవాణ్ణి కాబట్టి ఆ భయం అకారణమని నేను అనలేను.

ఆడపిల్లల మాట వేరే. నన్ను అన్నయ్యా అని పిలిచే ఒక యువతి గుంటూరులో ఉద్యోగం చేస్తోంది, మరో యువతితో కలిసి ఉంటోంది. కట్నం, వేధింపు, ఉద్యోగం మానేయడం అన్నీ తల్లి జీవితంలోనూ అక్క జీవితంలోనూ చూసిన ఆమెకు పెళ్లి అనే వ్యవస్థ మీద గౌరవం లేదు. “తాళి తప్పించుకుని వచ్చినవాళ్లం, మళ్లీ రిజిస్ట్రారు దగ్గరకెందుకు వెళ్తాం అన్నయ్యా?” అని అడిగింది. ఆమెకు కావలసింది మరొకటి: ఇంట్లోంచి వెళ్లిపోయిన మేజరు యువతిపై తల్లిదండ్రులు తప్పిపోయినట్టు ఫిర్యాదు ఇస్తే, పోలీసులు ఆమెను తిరిగి వాళ్లకే అప్పగించకూడదు.

ఇది ఊహించుకున్న భయం కాదు. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని తండ్రి నిర్బంధించారంటూ రెండో యువతి వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్‌పై, 2024 డిసెంబరులో మన హైకోర్టు స్పష్టంగా తీర్పు చెప్పింది. మేజరైన ఆమె తనకు నచ్చిన వ్యక్తితో ఉండవచ్చునని, తల్లిదండ్రులు వారి జీవితంలో జోక్యం చేసుకోరాదని ఆదేశించింది. నేలపాడులో హైకోర్టు చెప్పిన ఆ మాట ప్రతి పోలీస్ స్టేషనులోనూ అమలు కావాలన్నది ఆ చెల్లెలి కోరిక. మాలాంటి వ్యక్తులపై పుట్టింటివారు చేసే హింసను ప్రధానంగా ప్రస్తావిస్తూ, పెళ్లితోపాటు తాము ఎంచుకున్న మనుషులనే కుటుంబంగా గుర్తించాలని కోరిన పిటిషనర్లు సుప్రీంకోర్టు కేసులోనూ ఉన్నారు. వాళ్ల మాటకు పత్రికల్లో దక్కిన చోటు తక్కువ.

ప్రత్యేక వివాహ చట్టంలోనే ఒక చిక్కుంది. పెళ్లికి ముందు నోటీసు ఇవ్వాలి, అధికారి దాన్ని కార్యాలయంలో అందరికీ కనిపించే చోట అంటించాలి, ముప్ఫై రోజులపాటు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. కులాంతర, మతాంతర జంటలు ఆ ముప్ఫై రోజులు ఎలా గడుపుతారో మన రిజిస్ట్రారు కార్యాలయాల చుట్టూ తిరిగినవారికి తెలుసు. ఆ నోటీసు ప్రచురణ తప్పనిసరి కాదని 2021 జనవరిలో అలహాబాదు హైకోర్టు తీర్పునిచ్చింది. ఆ నిబంధనను అలాగే ఉంచి మాకు తలుపు తెరిస్తే, ఇంటి నుంచి పారిపోయి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు తమ చిరునామాను తామే గోడకు అంటించినట్టవుతుంది. పెళ్లి కావాలనే నాలాంటివారు ఈ అభ్యంతరాన్ని తమ కోరికలో భాగం చేసుకోవాలని నా అభిప్రాయం.

పుట్టినప్పుడు మగపిల్లలుగా నమోదై, స్త్రీలుగా జీవించే ట్రాన్స్ మహిళల సంగతి కొంత భిన్నం. స్త్రీ పురుష సంబంధంలో ఉన్న ట్రాన్స్ వ్యక్తులకు ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకునే హక్కు ఉందని స్వలింగ వివాహాల కేసు 2023 తీర్పులో న్యాయమూర్తులందరూ అంగీకరించారు. పురుషుణ్ణి పెళ్లాడిన ట్రాన్స్ మహిళ అత్తింటి వేధింపుపై 498ఎ కింద ఫిర్యాదు చేయవచ్చునని 2025లో మన హైకోర్టు చెప్పింది. నాకు తెలిసిన ట్రాన్స్ మహిళల్లో ఎక్కువమంది అడిగేది అద్దె ఇల్లు, ఉద్యోగం, పోలీసుల మర్యాద. గురువు, చేలాలతో (శిష్యులతో) తాము ఏర్పరచుకున్న ఇంటిని ఇల్లుగా గుర్తించమంటారు. మీ పెళ్లి కేసుకు వచ్చినంత మంది లాయర్లు మా అద్దె కేసుకు వస్తారా అని ఒకామె అడిగినప్పుడు, ఆ నిష్ఠూరం న్యాయమైనదే అనిపించింది.

మతం గురించి క్లుప్తంగా చెబుతాను. గుడిలో మంత్రాలతో పెళ్లి జరగాలని, హిందూ వివాహ చట్టంలోనే చోటు కావాలని కోరేవారు మాలో ఉన్నారు. గుంటూరులో ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే ఒక మిత్రుడు మాత్రం పాస్టరు గారిని ఇబ్బంది పెట్టాలని తనకు లేదని, ప్రభుత్వ రిజిస్టరులో పేరుంటే చాలని అంటాడు. ఏ మతాన్నీ ఒత్తిడి చేయకుండా పౌర వివాహం వరకు చట్టం తేవడంలో నాకు ఇబ్బంది కనిపించదు. మనకు ఇది కొత్తా కాదు. పటమటలో గోరా నాస్తిక కేంద్రం దశాబ్దాలుగా కులమతాలతో పని లేని పెళ్లిళ్లను ప్రోత్సహించింది.

కోర్టుకు వెళ్లడంలోనే తొందరపడ్డామనేవారు ఇంకొందరు. 2023 అక్టోబరు 17 నాటి తీర్పులో, వివాహం ప్రాథమిక హక్కు కాదన్న విషయంలో అయిదుగురు న్యాయమూర్తులూ ఏకీభవించారు. పెళ్లి కాకపోయినా మా బంధానికి చట్టబద్ధ గుర్తింపు, దత్తత హక్కు ఉండాలని ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ అంటే, జస్టిస్ ఎస్. రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ పి.ఎస్. నరసింహ అంగీకరించలేదు. 2025 జనవరిలో పునఃసమీక్ష పిటిషన్లు కూడా తోసివేతకు గురయ్యాయి. ముందు ఊళ్లలో, ఇళ్లలో, చట్టసభల్లో మాటలు నడిపి ఉంటే ఇప్పుడు ఇంత గట్టి తీర్పు దారికి అడ్డుపడేది కాదని వాళ్ల వాదన. నేను దీనితో ఏకీభవించను. కేసుకు పేరునిచ్చిన మొదటి పిటిషన్ వేసినది హైదరాబాదులో కాపురముంటున్న జంట. వాళ్లు వేయకపోతే, మాలాంటి కాపురాలు ఉన్నాయన్న సంగతే మన ఇళ్లలో మాటల్లోకి వచ్చేది కాదు.

ఈ వాదనలు మన దగ్గరే పుట్టినవి కావు. 1989లో అమెరికాలో లాంబ్డా లీగల్ అనే ఒకే సంస్థలో పనిచేసే ఇద్దరు న్యాయవాదులు ఈ విషయంపైనే బహిరంగంగా విభేదించారు. పెళ్లి హక్కు కోసం పోరాడాలని థామస్ స్టోడార్డ్ రాస్తే, పెళ్లి మనల్ని విముక్తి చేయదని, దానిలో ఇమడనివారిని ఇంకా దూరం చేస్తుందని పౌలా ఎటెల్‌బ్రిక్ రాశారు. 2015లో అమెరికా అంతటా స్వలింగ వివాహాలు చట్టబద్ధమయ్యాయి. అయితే అంతకుముందు పెళ్లి లేకుండానే ఉద్యోగుల జీవన సహచరులకు ఆరోగ్య బీమా ఇస్తూ వచ్చిన కొన్ని సంస్థలు, ఇక పెళ్లి చేసుకుంటేనే ఇస్తామన్నాయి. ఎటెల్‌బ్రిక్ భయపడినదానిలో కొంత నిజమైంది. ఫ్రాన్సు మరో దారి చూపింది. 1999లో అక్కడ పెళ్లికి బయట, స్త్రీ పురుష భేదం లేకుండా ఇద్దరు పెద్దవాళ్లు నమోదు చేసుకోగల ఒప్పందాన్ని చట్టం చేశారు. స్వలింగ జంటలను దృష్టిలో పెట్టుకుని తెచ్చిన ఆ పద్ధతిని ఇప్పుడు ఎక్కువగా వాడుకుంటున్నది స్త్రీ పురుష జంటలే. 2013లో స్వలింగ వివాహాలను ఆమోదించిన తర్వాత కూడా ఫ్రాన్సు దాన్ని తీసివేయలేదు. ఆసియాలో 2019లో తైవాన్, 2025 జనవరిలో థాయిలాండ్ పెళ్లినే ఆమోదించాయి. మన పొరుగున నేపాల్‌లో కోర్టు మధ్యంతర ఉత్తర్వు తర్వాత 2023 నవంబరులో మొదటి నమోదు జరిగింది.

ఇవన్నీ మీ ముందు పెట్టిన తర్వాత నేను కోరేది ఒక్కటే. మాలో ఎవరి వాదన గెలవాలో తేల్చే పని ప్రభుత్వం పెట్టుకోవద్దు. స్త్రీ పురుషుల్లో కూడా పెళ్లంటే నమ్మకం లేనివారున్నారు. వాళ్లున్నారని మిగిలినవారి పెళ్లిళ్లు ఎవరూ ఆపలేదు. తెనాలి మిత్రుడికి పెళ్లి వద్దు కాబట్టి నాకూ ఉండకూడదనడం ఎంత అన్యాయమో, నాకు పెళ్లి దొరికింది కాబట్టి పెళ్లి చేసుకోని గుంటూరు చెల్లెలికి ఆసుపత్రిలో సంతకం హక్కు లేదనడం అంతే అన్యాయం. కావాలన్నవారికి పెళ్లి, వద్దన్నవారికి తాము ఎంచుకున్న మనిషిని చట్టం గుర్తించే పద్ధతి, రెండూ కలిసి రావాలి. ఇలాంటి పద్ధతికి మన చట్టాల్లోనే ఆనవాలు ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మేజరైన వ్యక్తి తన తరఫున నిర్ణయాల్లో సాయపడటానికి బంధుత్వంతో పని లేకుండా తనకు నచ్చిన పెద్దవారిని ప్రతినిధిగా పెట్టుకోవచ్చు. మానసిక చికిత్సకు సరే అన్నది, విరిగిన కాలికి ఎందుకు కాకూడదు? కుటుంబం ఏర్పడటానికి పెళ్లి ఒక్కటే మార్గం కాదని 2025 మేలో మద్రాసు హైకోర్టు కూడా అన్నది.

ఇవి కేంద్రం చూసుకోవలసిన విషయాలని మీరు అనవచ్చు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ఉమ్మడి జాబితాలో అయిదో అంశం కింద వివాహం, విడాకులు, దత్తత, వీలునామా, వారసత్వం అన్నీ ఉన్నాయి. కేంద్ర చట్టంతో వైరుధ్యం వచ్చినా రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్రం చట్టం చేయవచ్చు. ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా జన్మతః హక్కు ఇచ్చింది. దేశమంతటా ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. అప్పుడు కూడా ఆడపిల్లలందరూ ఆ వాటా అడగలేదు; అన్నదమ్ములతో మాట పోతుందని వదులుకున్న అక్కచెల్లెళ్లు మనందరి ఇళ్లలో ఉన్నారు. అందరూ అడగలేదని ఆ హక్కు ఇవ్వడం ఆగలేదు. అంతకు ముందు, వితంతు పునర్వివాహాలను 1856లోనే చట్టం అనుమతించినా, రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి పెళ్లి జరిపించడానికి 1881 డిసెంబరు 11 దాకా పట్టింది. చట్టం వచ్చినంత మాత్రాన మనుషులు మారరని చెప్పేవారికి ఆ పాతికేళ్లు సాక్ష్యం. ఆ చట్టమే లేకపోతే, ఆయన జరిపించిన పెళ్లిలో పుట్టిన పిల్లలకు వారసత్వం ఉండేది కాదన్నది కూడా అంతే నిజం.

చట్టం దాకా ఆగనక్కర్లేని పనులు చాలా ఉన్నాయి. 2023 తీర్పు తర్వాత కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఏర్పడిన కమిటీ సూచనలతో కేంద్రం 2024లో కొన్ని స్పష్టీకరణలు ఇచ్చింది. మాలాంటి జంటను రేషన్ కార్డు విషయంలో ఒకే ఇంటివారిగా చూడాలని, ఉమ్మడి బ్యాంకు ఖాతాకూ నామినీకీ అడ్డు లేదని, దగ్గరి బంధువులు లేనప్పుడు భౌతికకాయాన్ని సహచరులు తీసుకోవచ్చునని వాటిలో చెప్పింది. ఇవి పెళ్లి కావాలనేవారికీ వద్దనేవారికీ సమానంగా పనికివచ్చేవి. వీటిలో మొదటిదీ చివరిదీ అమలు చేయవలసింది రాష్ట్రమే. వార్డు సచివాలయంలో బియ్యం కార్డు దరఖాస్తు తీసుకునే ఉద్యోగికి ఒక లిఖితపూర్వక ఉత్తర్వు చేతిలో ఉంటే, కౌంటరు దగ్గర మేము అబద్ధపు బంధుత్వాలు చెప్పుకోనక్కర్లేదు. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రులు మొదలుకొని రాష్ట్రంలోని అన్ని ఆసుపత్రులకూ, రోగి పేరు చెప్పిన వ్యక్తిని బంధుత్వం అడగకుండా లోపలికి రానివ్వాలని, రోగి పరిస్థితిని అతనికి చెప్పాలని ఆరోగ్యశాఖ ఆదేశించవచ్చు. ఇష్టపడి పెళ్లి చేసుకున్న జంటలకు రక్షణగా సురక్షిత గృహాల గురించి ఆలోచించాలని 2018 మార్చిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ఇంటి నుంచి బయటపడిన మా పిల్లలకు కూడా ఆ తలుపులు తెరవాలి. మేజరు కనిపించడం లేదన్న ఫిర్యాదు వస్తే ముందు ఆ మేజరు మాటనే విడిగా విని నమోదు చేయాలని డీజీపీ కార్యాలయం నుంచి అన్ని స్టేషన్లకూ సర్క్యులర్ వెళ్లాలి.

ఇక 2023 నాటి జవాబు సంగతి. ఈసారి సంప్రదింపులు పెట్టేటప్పుడు మత పెద్దలతోపాటు మమ్మల్నీ పిలవండి. బహిరంగ సభ పెడితే తెనాలి మిత్రుడు రాలేరు, గుంటూరు చెల్లెలు రాదు. వచ్చేది ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడగల నలుగురమే, మళ్లీ ఉన్నత వర్గాల గొంతే వినిపిస్తుంది. అందుచేత జిల్లా న్యాయసేవాధికార సంస్థల ద్వారా, పేరు బయటపెట్టనవసరం లేకుండా, తెలుగులో రాతపూర్వకంగా అభిప్రాయం ఇచ్చే ఏర్పాటు చేయండి. అలా పెళ్లయిపోయిన మగవారి భార్యలు కూడా రాయదలిస్తే వాళ్లకూ ఆ అవకాశం ఉండాలి. ఈ విషయంలో నష్టపోయినవారిలో వాళ్లున్నారు, ఇంతవరకు వాళ్లను అడిగినవారు లేరు. పరస్పరం పొసగని అభిప్రాయాలు వస్తాయి. వాటిని కుదించకుండా, ఎక్కువమంది ఇటున్నారని లెక్క తేల్చకుండా, యథాతథంగా కేబినెట్ కార్యదర్శి కమిటీకి పంపి, వాటిని చదివిన తర్వాత మన రాష్ట్రం తరఫున కొత్త జవాబు రాయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విజయవాడ నివాసి అయిన ఒక గే పౌరుడు